ఎదురునీళ్లు

తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, గడప మీద కూర్చుంది దేవవ్వ. పక్కన ఇత్తడి బిందె నిండా బావినీళ్లు, నీళ్లలో రెండు వేపమండలు. ఒళ్లో సత్తుగిన్నె, గిన్నెలో రొట్టె, బెల్లం కలిపి దంచి చుట్టిన మలీద ముద్దలు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. డప్పు వినబడితే లేవాలి. ఈ పూటకు ఆమెకున్న పని అదొక్కటే, దానికి చెవులుంటే చాలు. పీర్ల కొట్టం దగ్గర పెద్దపీరు లేస్తుంది, డప్పు మీద దెబ్బ పడుతుంది, దెబ్బ వెంట పీరు ఊరంతా తిరిగి ఈ వాడ మలుపుకు వస్తుంది. అప్పుడు బిందె ఎత్తుకుని ఎదురుపోవాలి. పీరు మోసే మొగిలయ్య కాళ్ల మీద నీళ్లు కుమ్మరించాలి. ఆ తడినేల మీద పసి మనవణ్ణి పడుకోబెట్టాలి. పీరు వాణ్ణి దాటాలి. దాటినాక పేరు పెట్టాలి. తర్వాత పీర్లు వాగుకు పోతాయి, వాగులో కడిగి, బట్ట చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, మళ్లీ ఏడాది దాకా ఎవరి గోడూ వినవు. అందుకే చెవులు రిక్కించుకుని కూర్చుంది. చేతులు మాత్రం కూర్చోలేదు. చీరకొంగు అంచును వేళ్లు వాటంతట అవే చుడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ చుడుతున్నాయి. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లకు పండుగని చెబితే వింటాయా. తునికాకు లేకపోతే కొంగు.

లోపల కూతురు సంగీత పిల్లవాడికి పాలిస్తోంది. వాడు గుటక వేసే చప్పుడు కూడా గడప దాకా వస్తోంది, ఊరు అంత నిశ్శబ్దంగా ఉంది. బందు. బస్సుల్లేవు, రాయికల్ అంగడి లేదు, బీడీ కార్ఖానా లేదు. తెలంగాణ ఇస్తున్నామన్నారు, రెండు వారాలు తిరగకముందే ఆ మాట మింగేశారు, అప్పటి నుంచి రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి. ఈ బందులోనే బిడ్డ సిరిసిల్ల నుంచి వచ్చింది. అల్లుడు సతీశ్ మరమగ్గాల దగ్గర పని, ఓనరు సెలవివ్వలేదు. రుద్రంగి దాకా ఆటో, అక్కడి నుంచి ఎవరిదో ట్రాక్టరు, కోరుట్ల దాటాక నడక. మూడు నెలల పసివాణ్ణి కొంగులో చుట్టుకుని బాలింత నడిచి వచ్చింది. ఎందుకు వచ్చావే ఇంత కష్టపడి అని దేవవ్వ అనలేదు. ఎందుకు వచ్చిందో ఇద్దరికీ తెలుసు. మొదటిది నాలుగో నెలలో పోయింది. రెండోది పుట్టి, ఒక్క రాత్రి ఏడ్చి పోయింది. సిరిసిల్ల డాక్టరమ్మ ఏవో సూదులు రాసింది. పాస్టరు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఏదీ కాదనలేదు దేవవ్వ. కానీ నిరుడు ఇదే రోజు, ఇదే మలుపులో, పెద్దపీరు ముందు బోర్లా పడి, ఈసారిది నిలబడితే నీ కాళ్ల కింద వేసి నీ పేరే పెట్టుకుంటానంది. నిలబడింది. ఉసేను అని పేరు. ఇంకా పెట్టలేదు. పెట్టే దాకా వాడు బుడ్డోడే. ఏసయ్యకు కోపం రాదని పాస్టరే చెప్పాడు, పీరుకు వస్తుందని ఊరంతా చెబుతుంది. కోపం వచ్చేవాడికి ముందు చెల్లించడం తెలివిగల పని. ఇచ్చిన ప్రాణాన్ని మళ్లీ అడగడానికి పీరుకు ఎంతసేపు. అమ్మో, ఆ మాట అనుకోకూడదు, ఉపవాసం ఉన్న నోరు. అనుకున్నది నోరు కాదు, మనసు. మనసుకు ఉపవాసం ఏముంది.

ఎండ గోడ దిగింది. ఈపాటికి దెబ్బ పడాలి. ప్రతి ఏడూ ఎండ బాయిగడ్డ దగ్గరికి వచ్చేసరికి పడేది. పెద్దపీరు దెబ్బ వేరు. రెండు బరువైన దెబ్బలు, ఒక ఊపిరి ఖాళీ, ఆ తర్వాత మూడు వరసగా. పెళ్లికి కొట్టేది కాదు, జాతరకు కొట్టేది కాదు, రాస్తారోకోలో కొట్టేది అసలే కాదు. ఆమె మొగుడు బాలరాజు ఆ దెబ్బను తండ్రి రాజయ్య దగ్గర నేర్చుకున్నాడు, రాజయ్య వాళ్ల నాయన దగ్గర. ఆ ఖాళీ ఊపిరిలోనే పీరు లేస్తుందని రాజయ్య చెప్పేవాడు. డప్పు లేకుండా పీరు లేవదని ఈ వాడలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది జహీరు ఒక్కడికే. జహీరు చెడ్డవాడని ఆమె అనదు. ఆ లతీఫ్ సాబు కడుపున చెడ్డవాడెలా పుడతాడు. జగిత్యాలలో బడిపంతులు, చదువుకున్నవాడు, తండ్రి చనిపోయాక పీర్ల కొట్టం బాధ్యత మీద పడింది. ఊళ్లో మిగతావాళ్లు బాలరాజును ఒరే అంటే జహీరు మామా అంటాడు. పండుగకు నాలుగు రోజుల ముందు ఈ గడప దాటి లోపలికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, చాయ తాగి మరీ డప్పు వద్దని చెప్పాడు. గ్లాసు కడగబోతే తానే కడిగి బోర్లించాడు. అలాంటివాడి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో బాలరాజుకు తెలియలేదు, అదే అతని చావుకు వచ్చింది.

"మామా, గా దినం మా హుసేన్ సాబ్ పానం పోయిన దినం," అన్నాడు జహీరు. "మీ ఇంట్ల మనిషి సస్తే బాజాలు పెట్టి ఎగురుతమా? గదే నేనడిగేది. నీ డప్పొక్కటే గాదు మామా. మొన్న జగిత్యాలల అనాథ పిల్లల కోసం జల్సా మీటింగు పెడితే, ఖవ్వాలీ పాడేటోళ్లను పిలుస్తే జనం మంచిగ అస్తరన్నరు. గది సుత వద్దన్న. దానం చేసేటోనికి పాట ఎందుకు? ఏడ్సేటోనికి బాజా ఎందుకు?"

బాలరాజు నేల చూస్తూ కూర్చున్నాడు. దేవవ్వ పొయ్యి దగ్గర నిలబడింది. నాలుక చివరి దాకా వచ్చింది మాట. మా ఇంట్లో మనిషి చస్తే డప్పే కదరా నాయనా పెట్టేది. డప్పు లేకుండా పోయేది దిక్కులేని శవం. నీకు డప్పంటే పెళ్లి గుర్తొస్తుంది, నాకు డప్పంటే పాడె గుర్తొస్తుంది. అమ్మ చస్తే డప్పు, అయ్య చస్తే డప్పు, ఆ దెబ్బ పడితేనే కదా లోపల గడ్డకట్టింది కరిగి ఆడదానికి ఏడుపు వచ్చేది. మీ హుసేన్ సాబు దిక్కులేనివాడా ఏం, చప్పుడు లేకుండా సాగనంపడానికి. ఇన్ని మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. చదువుకున్నవాడి ముందు, అంత మెత్తగా మాట్లాడేవాడి ముందు ఎలా అనడం, గొడవకు వస్తే వేరు సంగతి, వాడ వాడంతా వినేలా కడిగేసేది. చివరికి ఆమె అడిగింది ఒక్కటే. "ఈసారి నా బిడ్డ మొక్కున్నది, పీరు మా వాడకు అస్తది గదా?" తప్పకుండా వస్తుందత్తా, నేనే ముందు నడిచి తెస్తానన్నాడు జహీరు. ఆమె ప్రాణం కుదుటపడింది. బాలరాజు అప్పుడు తలెత్తి ఒకసారి ఆమె వంక చూశాడు. ఆ చూపు ఏమిటో ఆమెకు ఆ రోజు పట్టలేదు. ఇప్పుడు, ఖాళీ చెవులతో కూర్చున్నప్పుడు, కాస్త పడుతోంది. పీరు వస్తుందా అని అడిగావు గానీ డప్పు రాకపోతే ఎలా అని అడగలేదే అన్న చూపు.

ఆ చూపు అంతకుముందు ఒక్కసారే చూసింది, మామ రాజయ్య పోయిన రోజు. అప్పటికి ఇంటిల్లిపాదీ చర్చికి పోతున్నారు, చిన్నకొడుక్కి ఏసుబాబు అని పేరు కూడా పెట్టుకున్నారు. డప్పు సైతాను వాద్యం, దేవుని బిడ్డకు పనికిరాదు అన్నాడు పాస్టరు. ఊళ్లో ప్రతి చావుకూ కొట్టిన చేతులు రాజయ్యవి, దొర చావుకు కొట్టాయి, పటేలు ఎద్దు చావుకు కూడా కొట్టాయి. ఆ చేతుల్ని ఛాతీ మీద పెట్టి, బైబిలు వాక్యం చదివి, చప్పుడు లేకుండా మన్ను పోశారు. ఆ రోజు దేవవ్వకు ఏడుపు రాలేదు, వచ్చిందల్లా సిగ్గు. బాలరాజు గోరీ మీద చివరి తట్ట పోసి ఇదిగో, ఇలాగే చూశాడు ఆమెను, చర్చికి ముందు పోయింది ఆమే కాబట్టి. మొన్నటికి మొన్న క్రిస్మస్‌కు అదే పాస్టరు జగిత్యాల నుంచి ప్యాడ్లు, పెద్ద పెద్ద డ్రమ్ములు కిరాయికి తెప్పించాడు. పిల్లలు గంతులేశారు, అవ్వలు చప్పట్లు కొట్టారు. డ్రమ్ము దేవునికి పనికొస్తుంది, తోలు డప్పు పనికిరాదు. తేడా ఎక్కడుందో వాయించే చెయ్యికి తెలుసు. ఇటు ఏసయ్య వద్దన్నాడు, అటు హుసేన్ సాబు వద్దన్నాడు, రెంటికీ చెడ్డ రేవడి అయింది బాలరాజు బతుకు. పాపం వాళ్లిద్దరూ ఎప్పుడైనా వద్దన్నారో లేదో ఎవరు చూశారు, వద్దన్నవాళ్లంతా మనుషులే.

లతీఫ్ సాబు ఉంటే ఇంత దూరం వచ్చేదా. పీరుకు దట్టీ గుడ్డ కట్టకముందే రాజయ్య తలకు రుమాలు చుట్టేవాడు ఆయన, అది చూశాకే ఊరు కదిలేది. ఏడ్చేవాడు కూడా, డప్పు ఖాళీ ఊపిరి దగ్గర గడ్డం తడిసేలా ఏడ్చేవాడు. అలాగని జహీరు చెప్పినదంతా అబద్ధం కాదు, ఉన్నమాట ఒప్పుకోవాలి. మూడేళ్ల కిందట పోరగాళ్లు కల్లు తాగి వచ్చి పీరు ముందు సినిమా చిందులు వేశారు, ఒకడు ఈల కూడా వేశాడు. ఆ రోజు లతీఫ్ సాబు పీర్లను మధ్యలోనే ఆపి మట్టిలో కూలబడ్డాడు. తాగింది పోరగాళ్లు, ఎగిరింది పోరగాళ్లు, కానీ తప్పు తోలుకు అంటింది. మరి డప్పంటే అంత పడని జహీరు, తెలంగాణ వచ్చేసిందన్న రోజు చౌరస్తాలో ఎందుకు ఎగిరినట్టు. దేవవ్వ కళ్లారా చూసింది. బాలరాజు కొడుతుంటే, తెల్లలాల్చీ చెమటకు తడిసిపోయి, చేతులు పైకెత్తి, పిల్లవాడిలా ఎగిరాడు జహీరు, కొట్టు మామా కొట్టు అంటూ. ఉద్యమం వేరు, దీను వేరు, మతంలోకి బాజా తేవద్దు అని చెప్పాడు తర్వాత. అవును, అన్నీ వేరే. ఏరు దాటే దాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. ఇంతా చేస్తే ఏరు కూడా దాటలేదు, నట్టేట్లో ఉండగానే తెలంగాణనూ వెనక్కి గుంజుకున్నారు, డప్పునూ గుంజుకున్నారు.

గుంజుకున్నారా. ఛ, లేదు. గుంజుకుంటే పొద్దున డప్పు ఎందుకు తీస్తాడు. మొన్న పెద్దలు కొట్టం దగ్గర కూర్చున్నారు. బాలరాజు పోయి వచ్చాడు. ఏమైందని అడిగితే అన్నం పెట్టమన్నాడు, తిన్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న రకం మనిషి, ముత్యంపేట ఫ్యాక్టరీకి చెరుకు కొట్టడానికి పోయి వేలు తెగితే, ఇంటికొచ్చి అన్నం కలిపేటప్పుడు గానీ చూడనివ్వలేదు. కానీ పొద్దున ఏం చేశాడు. డప్పు దించాడు. గడ్డి మంట వేసి కాచాడు. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కాచాడు. డప్పు కొట్టే కర్రలు, సిర్రా పుల్లా, మొలలో దోపుకుని, డప్పు భుజాన వేసుకుని పోయాడు. ఇంక చెప్పడానికేముంది. పెద్దలు ఒప్పుకున్నారు, జహీరు మెత్తబడ్డాడు, అంతే. ఆమె సంతోషంగా రొట్టెలు దంచింది. ఒక్కటి మాత్రం, పోయేటప్పుడు చెప్పులు వేసుకున్నాడు. పీర్ల రోజున బాలరాజు చెప్పులు వేసుకోడు. స్నానం చేయందే డప్పు ముట్టడు, ఈ రోజు ముట్టాడు. చలి కదా అనుకుంది. కాలి పగుళ్లు కదా అనుకుంది. అనుకోవాలంటే ఎన్నైనా దొరుకుతాయి. గోడ నీడ బిందెను తాకింది. వేళ్లు కొంగు చుడుతున్నాయి. లేవదు, పీరు డప్పు లేకుండా లేవదు, దెబ్బ పడలేదంటే పీరు ఇంకా కొట్టంలోనే ఉంది. లోపల బుడ్డోడు ఒకసారి దగ్గాడు. చిన్న దగ్గే, పాలు అడ్డం పడ్డ దగ్గు. రెండోది కూడా పోయేముందు ఇలాగే...

పడింది దెబ్బ.

రెండు. ఊపిరి. మూడు. ఎముకల్లో తెలిసిన దెబ్బ. బాలరాజు చెయ్యే, పక్కన పది డప్పులు మోగినా ఆ చెయ్యి ఆమె గుర్తుపడుతుంది. దేవవ్వ లేచిన లేవడానికి మోకాళ్లు కలుక్కుమన్నాయి. సంగీత పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బయటికి వచ్చి, చెవి పెట్టి విని, ముఖం చిట్లించింది.

"అవ్వా, సప్పుడు కొట్టం దిక్కుకెల్లి లేదే. రోడ్డు దిక్కుకెల్లి అస్తుంది."

"పీరు ఎటు పోతే సప్పుడు అటే అస్తది. తొవ్వ మార్చిండ్రేమో. మీ బాపు సెయ్యి నాకెరుక లేదా? నడువు బిడ్డా."

కోతులు దూరతాయని తలుపుకు గొళ్లెం పెట్టింది. బిందె నెత్తిన, గిన్నె చంకన. వాడలో మనుషులు లేరు, ఎదురింటి వెంకటవ్వ తలుపు దగ్గరగా వేసి ఉంది, అందరూ ఎదురుపోయి ఉంటారు, మనమే వెనకపడ్డాం అనుకుంది. రెండు. ఊపిరి. మూడు. ప్రతి ఊపిరిలోనూ ఆమె అడుగు ఆగబోయి మళ్లీ పడింది. నీళ్లు తొణికి మెడ మీదుగా వీపులోకి కారుతున్నాయి, చల్లగా, ఆమెకు నవ్వు వచ్చింది, ఎన్నాళ్లకో. ఉసేనా, వస్తున్నాం రా. తాత కొడుతున్నాడు చూడు. డప్పు లేకుండా నీ పేరు పెట్టాల్సి వస్తుందేమో అనుకున్నాను. పాస్టరు ఒకటన్నాడు, బడిపంతులు ఒకటన్నాడు, అయినా ఊరి మర్యాద ఊరిదే. ఆదివారం చర్చికి పోయి ఒప్పుకుంటాలే తప్పు, ఆయనకు కోపం రాదు. పొగ వాసన వచ్చింది. ఊదు పొగ అనుకుంది. ఊదు కాదు, ఘాటుగా ఉంది, రబ్బరు. మలుపు తిరిగింది.

చౌరస్తా. నడిరోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, ఆ పక్కన మూడురాళ్ల పొయ్యి మీద గుండిగలో అన్నం ఉడుకుతోంది, టెంటు కింద జెండాలు, ఆగిపోయిన లారీలు. జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతులు పోయిన కుర్రాళ్లు. వాళ్ల మధ్య బాలరాజు. పీరు లేదు. దట్టీలు లేవు, నెమలీకల కట్ట లేదు, మొగిలయ్య లేడు. ఆమె మళ్లీ చూసింది, కళ్లు సరిగ్గా చూడలేదేమోనని. కుర్రాళ్లు ఆ దెబ్బకు ఎగరబోయి, కాళ్లు కుదరక, ఊరికే నిలబడిపోయి వింటున్నారు. బాలరాజు కళ్లు మూసుకుని కొడుతున్నాడు. పెద్దపీరు దెబ్బ. అతని చెప్పులు జెండాకర్ర దగ్గర, జాగ్రత్తగా పక్కపక్కన విడిచి ఉన్నాయి. వట్టికాళ్లతో ఉన్నాడు. అప్పుడు అర్థమైంది దేవవ్వకు. మొన్ననే పెద్దలు వద్దన్నారు. చెప్పలేదు. చెప్పుకోలేక, ఇంట్లో ఉండలేక, పిలిచినచోటికి వచ్చి, పీరు లేచే పొద్దుకు చేతులు ఊరుకోక, పీరు లేనిచోట పీరును పిలుస్తున్నాడు.

వెనక నుంచి రొప్పుతూ వచ్చింది వెంకటవ్వ.

"ఏడికి పోయినవే దేవవ్వా? పెద్దపీరును మన వాడకు తెచ్చిండ్రు. కిక్కురుమనలేదు, ఎవ్వల నోట్ల మాట లేదు. సప్పుడు లేకుంటె నాకు సుత ఎరుక గాలే, తలుపు తీసే వరకు ముందట నిలవడ్డది. మీ గడప కాడ ఆగిండ్రు. జహీరే పిలిచిండు, అత్తా అత్తా అని. గొళ్లెం సూసి, జరసేపు ఆగి, పోయిండ్రు. గిప్పుడు వాగుల దిగి ఉంటరు."

వాగు ఊరికి అటు చివర. బిందెతో పరుగెత్తినా, బిందె లేకుండా పరుగెత్తినా, అప్పటికి కడిగి బట్ట చుడతారు. సంగీత రోడ్డు పక్క రాయి మీద కూలబడి పసివాణ్ణి గట్టిగా అదుముకుంది. వాడు మళ్లీ దగ్గాడు. పీరు గడప దాకా వచ్చింది. ఇచ్చిన మాట తప్పలేదు జహీరు, ముందు నడిచి మరీ తెచ్చాడు, తిట్టుకోవడానికి కూడా లేకుండా చేశాడు. ఆమె అడిగింది పీరునే. పీరే వచ్చింది. డప్పు లేకుండా వచ్చి, డప్పు వెంట పోయినవాళ్లను వెతుక్కుని పోయింది.

బాలరాజు కళ్లు తెరిచాడు. నెత్తిన బిందె, వేపమండలు, రాయి మీద సంగీత. సిర్ర గాలిలో ఆగింది. ఎందుకు ఆపినవ్ మామా అని ఎవడో అరిచాడు. బాలరాజు వాడివైపు చూడలేదు.

"డప్పు లేకుంటె పీరు లేవదనుకున్న," అన్నాడు, ఆమెకు ఒక్కదానికే వినబడేలా. "తోలుకపోతందుకు నా కాడికి అస్తరనుకున్న."

"లేసింది," అంది దేవవ్వ. "మన ఇంటికచ్చింది. నీ సప్పుడు పట్టుకోని నేను గిటచ్చిన."

బిందె దించింది. వేపమండలు తీసి పక్కన పెట్టింది. అతని వట్టికాళ్ల మీద నీళ్లు కుమ్మరించింది, ఒక్క చుక్క మిగలకుండా. నీళ్లు తారురోడ్డు మీద పారి, కాలిన టైరు మసిని కలుపుకుని, బిడ్డ కూర్చున్న రాయి దాకా పోయి ఆగాయి. పసివాణ్ణి అక్కడ పడుకోబెట్టనా అని సంగీత అడగలేదు, పడుకోబెట్టమని దేవవ్వ చెప్పలేదు.

"ఇగ కొట్టు," అంది.

అతని చెయ్యి లేవలేదు.